రష్యా రాకెట్ ప్రయోగాల జాబితా ఎలా చదవాలి? తేదీ కంటే ముందు ప్యాడ్ చూడండి

మీరు అడిగింది ఇదీ: 2026లో రష్యా ఏయే రాకెట్లు ప్రయోగించబోతోంది, వాటిలో ఏం వెళ్తున్నాయి, ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో తేదీ ఎందుకు కనిపిస్తోంది, కొత్త రాకెట్ సోయూజ్-5 సంగతేంటి, ఇంజనీరింగ్ ప్రాజెక్టుకి పనికొచ్చేది వీటిలో ఏదైనా ఉందా. ఉపగ్రహాల నుంచి చిత్రాలు అందుకునే గ్రౌండ్ స్టేషన్ పనిలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. ఏ ఉపగ్రహం ఎప్పుడు పైకి వెళ్తుందో కనిపెట్టుకుని ఉండటం అప్పట్నుంచీ అలవాటు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇలాంటి జాబితా చేతికి రాగానే అందరి కళ్లూ తేదీ మీదకే పోతాయి. రష్యా విషయంలో తేదీని చివర చూడండి. ముందు ఏ ప్యాడ్ నుంచో, అంటే రాకెట్ ఏ చోటు నుంచి లేస్తుందో చూడండి, తర్వాత ఏ రాకెట్టో, దాని పైన ఏ అప్పర్ స్టేజ్ (ఉపగ్రహాన్ని చివరి కక్ష్యకి చేర్చే పై దశ) ఉందో చూడండి. ఈ మూడూ తెలిస్తే లోపల ఏముందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ తేదీ నిలబడుతుందా లేదా అన్నదీ ఒక అంచనాకి వస్తుంది. 1980ల మొదట్లో సోవియట్ యూనియన్ ఏడాదికి వంద దాకా ప్రయోగాలు చేసేది. 2024లో రష్యా చేసినవి 17. అన్ని తక్కువ ప్రయోగాలున్నప్పుడు ఒక్క ప్యాడ్‌లో ఇబ్బంది వచ్చినా, ఒక్క అప్పర్ స్టేజ్‌లో లోపం దొరికినా ఆ ఏడాది క్యాలెండర్ అంతా కదిలిపోతుంది.

దీనికి తాజా ఉదాహరణ బైకనూర్. కజకిస్తాన్‌లో ఉన్న ఈ కేంద్రాన్ని రష్యా ఏడాదికి 11.5 కోట్ల డాలర్ల అద్దెకి 2050 వరకు తీసుకుంది. 2025 నవంబర్ 27న అక్కడి 31వ నంబర్ సైట్‌లో ఉన్న ప్యాడ్ నుంచి మనుషులు వెళ్లే నౌక సోయూజ్ ఎంఎస్-28 బయల్దేరింది. అందులో సెర్గేయ్ కుద్-స్వెర్చ్‌కోవ్, సెర్గేయ్ మికాయెవ్, నాసా వ్యోమగామి క్రిస్టఫర్ విలియమ్స్ ఉన్నారు. మూడు గంటల పైచిలుకులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి క్షేమంగా చేరారు. మనుషుల వరకు అంతా బాగానే జరిగింది. ప్యాడ్ మాత్రం బాగా దెబ్బతింది. రాకెట్ అడుగు భాగంలో సిబ్బంది పని చేయడానికి ఒక పెద్ద కదిలే వేదిక ఉంటుంది. ప్రయోగానికి ముందు దాన్ని వెనక్కి లాగి, గూడులోకి నెట్టి బిగిస్తారు. ఆ రోజు రాకెట్ లేచాక అది మంటలు పోయే గోతిలో తలకిందులుగా పడి కనిపించింది. ప్యాడ్‌లో కొన్ని భాగాలు దెబ్బతిన్నాయని రష్యా అంతరిక్ష సంస్థ రాస్‌కాస్మోస్ ఒప్పుకుంది, విడి భాగాలు ఉన్నాయి, బాగుచేస్తామని చెప్పింది.

వేదికేగా, ఇంకో ప్యాడ్ నుంచి పంపొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. గగారిన్ 1961లో బయల్దేరిన ఒకటో నంబర్ సైట్ నుంచి చివరి ప్రయోగం 2019 సెప్టెంబర్ 25న జరిగింది. కొత్త సోయూజ్-2 రాకెట్లకు తగ్గట్టు దాన్ని మార్చలేదు, తర్వాత అక్కడ ప్రయోగాలే లేవు. అంటే మనుషులు వెళ్లే సోయూజ్ నౌకలకీ, సరుకులు మోసే ప్రోగ్రెస్ నౌకలకీ మిగిలింది 31వ సైట్ ఒక్కటే. రష్యాలోనే ఉన్న ఇంకో ప్రయోగ కేంద్రం ప్లెసెత్స్క్ వాడదామా అంటే అది ఉత్తరాన దాదాపు 63 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఒక చోటు నుంచి నేరుగా తూర్పుకి ప్రయోగిస్తే కక్ష్య వాలు (భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం) ఆ చోటి అక్షాంశమంత ఉంటుంది, నేరుగా అంతకన్నా తక్కువ వాలులోకి వెళ్లడం కుదరదు. అంతరిక్ష కేంద్రం కక్ష్య వాలు 51.6 డిగ్రీలు. 63 నుంచి 51.6కి తిప్పాలంటే ఇంధనం దానికే అయిపోతుంది. రష్యా దూర ప్రాచ్యంలోని వస్తోచ్నీ కేంద్రం 51.9 డిగ్రీల దగ్గరుంది, కాబట్టి భూగోళం వైపు నుంచి పెద్ద అడ్డంకి లేదు. కానీ వ్యోమగాములు నౌకలోకి ఎక్కే ఏర్పాట్లు అక్కడి సోయూజ్ ప్యాడ్‌లో లేవు.

అందుకే 2025 డిసెంబర్‌లో వెళ్లాల్సిన ప్రోగ్రెస్ ఎంఎస్-33ని 2026 మార్చికి జరిపారు. మీరు చూసిన రెండు తేదీల గొడవకి కారణం ఇదే అయి ఉంటుంది. ఒక వెబ్‌సైట్ పాత తేదీ ఉంచేసింది, ఇంకోటి మార్చింది. ఇంకో తికమక కూడా ఉంది. రష్యా ఎంఎస్-33 అనే నౌకని నాసా ప్రోగ్రెస్ 94 అంటుంది. రెండు పేర్లూ ఒకే జాబితాలో వేర్వేరు వరుసల్లో ఉంటే రెండు ప్రయోగాలనుకోకండి.

ప్రోగ్రెస్ అంటే సరుకుల బండే కదా అని చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో జాబితాలో అన్నిటికన్నా జాగ్రత్తగా గమనించాల్సింది ఈ వరుసే. ఒక్కో ప్రోగ్రెస్ సుమారు రెండున్నర టన్నులు తీసుకెళ్తుంది. తిండి, నీళ్లు, ఆక్సిజన్, విడిభాగాలతో పాటు ఇంధనమూ ఉంటుంది. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో కూడా పలచటి గాలి ఉంటుంది, ఆ రాపిడికి అంతరిక్ష కేంద్రం కొద్దికొద్దిగా కిందికి జారుతూ ఉంటుంది. ప్రోగ్రెస్ అక్కడ తగులుకుని ఉన్నప్పుడు తన ఇంజన్లు మండించి కేంద్రాన్ని మళ్లీ పైకి నెడుతుంది. అవసరమైతే శకలాల దారి నుంచి పక్కకి కూడా జరుపుతుంది. ఇది ఆలస్యమైతే ఆ ప్రభావం రష్యన్ల మీదే కాదు, కేంద్రంలో ఉన్న ఏడుగురి మీదా పడుతుంది.

ఎంఎస్-28 తర్వాతి మనుషుల ప్రయోగం సోయూజ్ ఎంఎస్-29, దాన్ని 2026 ఏడాది నడుమకి పెట్టారు. ప్రకటించిన సిబ్బంది ప్యోత్ర్ దుబ్రోవ్, అన్నా కికినా, నాసా నుంచి అనిల్ మీనన్. మీనన్ డాక్టర్, భారతీయ మూలాలున్న అమెరికన్. కికినా 2022లో స్పేస్ఎక్స్ డ్రాగన్‌లో వెళ్లొచ్చిన రష్యా వ్యోమగామి. రెండు దేశాల మధ్య ఎన్ని విభేదాలున్నా ఒకరి నౌకలో ఒకరు ఎక్కే ఒప్పందం నడుస్తూనే ఉంది. దానికి కారణం మంచితనం ఒక్కటే కాదు. ఏ ఒక్క నౌక ఆగిపోయినా కేంద్రంలో రెండు వైపులా నడిపే మనుషులు ఉండాలి, అదీ అసలు లెక్క. 2022 డిసెంబర్‌లో సోయూజ్ ఎంఎస్-22 చల్లబరిచే ద్రవం కారిపోయినప్పుడు ఈ సంగతి అందరికీ అర్థమైంది. అందులో రావాల్సిన ముగ్గురి కోసం ఎంఎస్-23ని ఖాళీగా పంపారు. ఆరు నెలలకని వెళ్లిన ఫ్రాంక్ రూబియో 371 రోజులకి తిరిగొచ్చాడు.

ఇంకో మార్పు గుర్తుపెట్టుకోండి. ఇదివరకు సోయూజ్ ఏడాదికి రెండుసార్లు వెళ్లేది, ఒక్కో బృందం సుమారు ఆరు నెలలుండేది. ఇప్పుడు ఎనిమిది నెలలకి మార్చారు. 2025 ఏప్రిల్ 8న వెళ్లిన ఎంఎస్-27 బృందం డిసెంబర్ 9న దిగింది. కాబట్టి పాత లెక్కతో మార్చి, సెప్టెంబర్ అని రాసిన పట్టికలు మీకు కనిపిస్తే నమ్మకండి.

ఇక రాకెట్ల సంగతి. సోయూజ్ అనేది నౌక పేరు కూడా, రాకెట్ పేరు కూడా. రాకెట్ అయితే పక్కన 2.1ఎ లేదా 2.1బి అని ఉంటుంది. రెండూ కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచేవే, కింద దశలు ఒకటే. తేడా మూడో దశలో ఉంది. 2.1బిలో ఆర్‌డి-0124 అనే మెరుగైన ఇంజన్ ఉంటుంది, దాంతో దాదాపు టన్ను ఎక్కువ మోస్తుంది. మనుషులూ, ప్రోగ్రెస్ నౌకలూ 2.1ఎ మీద వెళ్తాయి. వాతావరణ, నావిగేషన్, సైనిక ఉపగ్రహాల్లో ఎక్కువ 2.1బి మీద వెళ్తాయి.

అప్పర్ స్టేజ్ పేరు ఫ్రెగాట్ అని ఉంటే అర్థం, రాకెట్ దాన్ని తక్కువ ఎత్తులో వదిలాక ఇంకా చాలా దూరం వెళ్లాలి. ఆర్టీసీ బస్సు మెయిన్ రోడ్డు మీద దింపాక ఊళ్లోకి ఆటో ఎక్కినట్టు అనుకోండి. పైగా ఈ ఆటో ముగ్గురు నలుగురిని వేర్వేరు వీధుల్లో దింపగలదు. ఫ్రెగాట్ ఇంజన్‌ని ఆపి మళ్లీ చాలాసార్లు మండించవచ్చు. అందుకే ఒక పెద్ద ఉపగ్రహంతో పాటు పదులకొద్దీ చిన్నవీ ఒకే ప్రయోగంలో వేర్వేరు ఎత్తుల్లో విడవగలుగుతారు. అప్పర్ స్టేజ్ లేకుండా సోయూజ్ ఉంటే అది అంతరిక్ష కేంద్రానికి వెళ్తోందనో, లేదా ప్రాణుల్ని పంపే బయాన్ ఉపగ్రహం లాంటి తక్కువ ఎత్తు ప్రయోగమనో అనుకోవచ్చు. 2025 ఆగస్టు 20న వెళ్లిన బయాన్-ఎం 2 అలాంటిదే. 75 ఎలుకలు, వెయ్యికి పైగా ఈగలు, మొక్కలు, సూక్ష్మజీవులతో ధ్రువాల మీదుగా ముప్పై రోజులు తిరిగి ఓరెన్‌బర్గ్ ప్రాంతంలో దిగింది. ధ్రువాల మీదుగా వెళ్తే అంతరిక్ష కేంద్రం కక్ష్యలో కన్నా రేడియేషన్ ఎక్కువ తగులుతుంది, ప్రాణుల మీద దాని ప్రభావం చూడటమే ఉద్దేశం. పత్రికల్లో ఎలుకలు అంతరిక్షానికి వెళ్లాయని నాలుగు లైన్లు వేసి వదిలేశారు కానీ, చంద్రుడికి మనుషుల్ని పంపాలనుకునే ప్రతి దేశానికీ ఈ సమాచారం కావాలి. మన గగన్‌యాన్ వాళ్లకి కూడా.

అప్పర్ స్టేజ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి 2017 నవంబర్ 28 చాలు. వస్తోచ్నీ నుంచి మీటియర్-ఎం 2-1 అనే వాతావరణ ఉపగ్రహం వెళ్లింది. సోయూజ్ రాకెట్ తన పని సరిగ్గా చేసింది. ఫ్రెగాట్ గణించే పద్ధతిలో దశాబ్దాలుగా బయటపడని ఒక లోపం ఉంది. బైకనూర్ నుంచో, ప్లెసెత్స్క్ నుంచో వెళ్లినప్పుడు అది ఎప్పుడూ తగల్లేదు. వస్తోచ్నీ ప్యాడ్ దిశ వేరు కావడంతో లెక్క తిరగబడింది, తప్పు దిక్కులో ఇంజన్ మండింది, మొత్తం అట్లాంటిక్‌లో పడింది. ఏ భాగమూ విరగలేదు, ఏ ఇంజనూ ఆగలేదు. ఉపగ్రహం చేసిన వాళ్ల ఏళ్ల శ్రమ మాత్రం నీళ్లపాలైంది. కొత్త ప్యాడ్ నుంచి వెళ్లే ప్రయోగాల దగ్గర నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తాను.

ప్రొటాన్-ఎం రాకెట్ పేరు కనిపిస్తే అది తప్పకుండా బైకనూరే. 1965 నుంచి ఎగురుతున్న కుటుంబం, ఇప్పుడు చివరి దశలో ఉంది. ఉత్పత్తి ఆపేశారు, చేసి ఉంచినవే మిగిలాయి. హెప్టైల్ అనే విష ఇంధనంతో నడుస్తుంది కాబట్టి కజకిస్తాన్‌కి ఎప్పటినుంచో అభ్యంతరం. 2013 జులై 2న మూడు గ్లోనాస్ (జీపీఎస్ లాంటి రష్యా నావిగేషన్ వ్యవస్థ) ఉపగ్రహాలతో లేచిన ప్రొటాన్ కొన్ని సెకన్లలోనే పక్కకి తిరిగి ప్యాడ్ దగ్గర్లో కూలింది. కోణీయ వేగాన్ని కొలిచే సెన్సర్లు తలకిందులుగా బిగించడమే కారణమని తేలింది.

2026 జాబితాలో ప్రొటాన్ వరుసలో ఉన్నది ఎలెక్ట్రో-ఎల్ 5. 2025 డిసెంబర్‌లో వెళ్లాల్సింది, 2026కి జరిగింది. ఇది భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, మనకి ఒకే చోట నిలిచినట్టు కనిపించే వాతావరణ ఉపగ్రహం. అరగంటకోసారి భూగోళం సగాన్ని ఫొటో తీస్తుంది. ఈ వరుస ఉపగ్రహాలని ఉంచే చోట్లలో 76 డిగ్రీల తూర్పు రేఖాంశం ఒకటి. హైదరాబాద్ 78.5 దగ్గరుంది, చూసుకోండి. అంటే అక్కడి ఎలెక్ట్రో చిత్రంలో హిందూ మహాసముద్రం, బంగాళాఖాతం, మన తీరం నడిమధ్యన ఉంటాయి. తుఫాను రోజుల్లో మన ఇన్‌శాట్ చిత్రాల పక్కన ఎలెక్ట్రో చిత్రం పెట్టుకుని చూడటం నాకు ఇష్టం. ఓడలూ విమానాలూ ఆపదలో పంపే బీకన్ సంకేతాల్ని అందుకునే పరికరం కూడా వీటిలో ఉంటుంది.

ఎలెక్ట్రోకి ఒక పరిమితి ఉంది. భూమధ్యరేఖ పైనుంచి చూస్తుంది కాబట్టి ఉత్తర ధ్రువం దానికి కనపడదు. రష్యాకి ఉన్న పొడవాటి తీరం అంతా అటే. అందుకే ఆర్కటికా-ఎం అనే జత ఉంది. మొదటిది 2021 ఫిబ్రవరి 28న, రెండోది 2023 డిసెంబర్ 16న బైకనూర్ నుంచి సోయూజ్-2.1బి, ఫ్రెగాట్ మీద వెళ్లాయి. బాగా సాగదీసిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్య, ఒక చుట్టుకి 12 గంటలు. దక్షిణాన భూమికి దగ్గరగా వేగంగా దూసుకుపోయి, ఉత్తరాన చాలా ఎత్తులో గంటల తరబడి తీరిగ్గా తిరుగుతాయి. ఒకటి దిగేలోపు ఇంకోటి పైకొస్తుంది. జాబితాలో ఆర్కటికా-ఎం తర్వాతి నంబర్లు కనిపిస్తే అవి ఈ జతకి కొనసాగింపు.

కొత్త రాకెట్ సోయూజ్-5 గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. పేరు సోయూజ్ అయినా పాత సోయూజ్‌తో పోలికే లేదు. 4.1 మీటర్ల వ్యాసం, రెండు దశలు, మొదటి దశలో ఆర్‌డి-171ఎంవి అనే ఒకే ఇంజన్. దాని థ్రస్ట్, అంటే పైకి నెట్టే బలం, దాదాపు 800 టన్నులు. ద్రవ ఇంధన ఇంజన్లలో ఇంతకన్నా బలమైనది లేదు. సుమారు 17 టన్నులు తక్కువ ఎత్తు కక్ష్యకి మోయాలని లక్ష్యం. బైకనూర్‌లో ఒకప్పటి జెనిత్ రాకెట్ ప్యాడ్‌ని కజకిస్తాన్‌తో కలిసి బైతెరెక్ పేరుతో దీనికోసం మార్చారు. మొదటి ప్రయోగం 2025 చివర్లో అన్నారు, 2026కి జరిగింది. మొదటి ప్రయోగం అంటే అది పరీక్షే, దాని మీద విలువైన ఉపగ్రహం ఉందని ఎవరైనా రాస్తే అనుమానించండి.

ప్లెసెత్స్క్ గురించి ఎక్కువ చెప్పను. అది సైన్యం చేతిలో ఉన్న కేంద్రం. అక్కడి ప్రయోగాల్లో చాలావాటికి ముందుగా ప్రకటన ఉండదు. వెళ్లాక కాస్మోస్ అని ఒక నంబర్ ఇస్తారు, అంతే. 1962లో మొదలైన ఆ నంబర్లు ఇప్పుడు 2500 దాటాయి. తేదీ ముందే తెలుసుకోవడానికి ఉన్న దారి విమానాలకిచ్చే హెచ్చరికలు. రాకెట్ దశలు పడే ప్రాంతాల మీదుగా ఫలానా రోజు, ఫలానా గంటల మధ్య ఎగరొద్దని వస్తాయి. ఆ ప్రాంతాల్ని మ్యాప్ మీద గీస్తే కక్ష్య వాలు తెలుస్తుంది, వాలు తెలిస్తే ఉపగ్రహం ఏ రకమో అనుభవం ఉన్నవాళ్లు పట్టేస్తారు. జాబితాల్లో సైనిక ప్రయోగం పక్కన ఖచ్చితమైన పేలోడ్ (రాకెట్ మోసే సరుకు) పేరు ఉంటే అది ఎవరో చేసిన ఊహ అనుకోండి.

అక్కడి నుంచే వెళ్లే గ్లోనాస్ మాత్రం బహిరంగమే, మన ఫోన్లలోనూ పనిచేస్తోంది. మూడు తలాల్లో 24 ఉపగ్రహాలు, 19,100 కిలోమీటర్ల ఎత్తు, 64.8 డిగ్రీల వాలు. ప్రొటాన్ రోజుల్లో ఒకేసారి మూడు పంపేవాళ్లు, ఇప్పుడు సోయూజ్ మీద ఒక్కొక్కటే. పాతవి వయసు మళ్లుతున్నాయి, కాబట్టి ఏటా ఇక్కడ ఒకటో రెండో ప్రయోగాలు ఉండాల్సిందే. కొత్త తరం కె2లో మొదటిది 2023 ఆగస్టులో వెళ్లింది.

ప్లెసెత్స్క్ వరుసలో మీరు తప్పకుండా గమనించాల్సింది రస్వేత్. బ్యూరో 1440 అనే రష్యన్ కంపెనీ స్టార్‌లింక్ తరహాలో ఇంటర్నెట్ ఉపగ్రహాలు పెడుతోంది. 2023 జూన్‌లో మూడు, 2024 మేలో మూడు ప్రయోగాత్మకంగా వెళ్లాయి. అసలైన మొదటి జట్టు 16 ఉపగ్రహాలు 2025లో వెళ్లాల్సింది, అదీ 2026కి వచ్చింది. వందల సంఖ్యలో పెట్టాలన్నది ప్రణాళిక. నా అభిప్రాయంలో ఇబ్బంది ఉపగ్రహాల్లో లేదు, వాటిని మోసే రాకెట్ల సంఖ్యలో ఉంది. ఒక్కో సోయూజ్‌కి పదహారు చొప్పున వందలు పెట్టాలంటే ఇప్పుడున్న వేగం సరిపోదు.

ఇక్కడ శ్రీహరికోట ప్రస్తావన రాక తప్పదు. 2022 మార్చిలో బైకనూర్ ప్యాడ్ మీద వన్‌వెబ్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఉపగ్రహాలు 36తో సోయూజ్ సిద్ధంగా నిలబడి ఉంది. యుక్రెయిన్ యుద్ధం మొదలైన రోజులవి. రష్యా పెట్టిన షరతులకి వన్‌వెబ్ ఒప్పుకోలేదు, రాకెట్‌ని ప్యాడ్ నుంచి దింపేశారు. ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి 2011లో మొదలైన సోయూజ్ ప్రయోగాలు కూడా అప్పుడే ఆగిపోయాయి. వన్‌వెబ్‌కి వేరే రాకెట్లు వెతుక్కోక తప్పలేదు. 2022 అక్టోబర్ 23న 36, 2023 మార్చి 26న మరో 36 ఉపగ్రహాలు మన ఎల్‌వీఎం3 రాకెట్ మీద శ్రీహరికోట నుంచి వెళ్లాయి. దీనికి వెనక ఇంకో చరిత్ర ఉంది. 1990ల్లో క్రయోజెనిక్ (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే ఇంజన్ల) టెక్నాలజీ మనకి ఇవ్వొద్దని అమెరికా ఒత్తిడి తెస్తే, రష్యా టెక్నాలజీ ఆపి ఏడు తయారైన దశల్ని మాత్రం ఇచ్చింది. 2001 ఏప్రిల్ 18న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి జీఎస్‌ఎల్‌వీ పైన ఉన్నది రష్యా ఇంజనే. ఆ తర్వాత మనవాళ్లు సొంతంగా సాధించిన క్రయోజెనిక్ దశే, ఇరవై ఏళ్లకి, రష్యా వదిలేసిన సరుకుని పైకి మోసింది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

వస్తోచ్నీకి వద్దాం. 2016 ఏప్రిల్ 28న మొదటి ప్రయోగం జరిగిన కొత్త కేంద్రం ఇది, అముర్ ప్రాంతంలో ఉంది. పౌర అవసరాల ఉపగ్రహాలు, వాటితో పాటు ఇతరుల చిన్న ఉపగ్రహాలు ఎక్కువగా ఇక్కడి నుంచే. అయనోస్ఫెరా-ఎం నాలుగూ ఇక్కడి నుంచి రెండు జతలుగా, 2024 నవంబర్‌లో, 2025 జులైలో వెళ్లాయి. సూర్యుడి ప్రభావంతో పైవాతావరణంలో వచ్చే మార్పుల్ని కొలవడం వాటి పని. జీపీఎస్ తప్పుడు లెక్కలు చూపడానికీ, రేడియో సంకేతాలు తెగిపోవడానికీ కారణం అక్కడే ఉంటుంది. రెండు సార్లూ ఇరాన్ ఉపగ్రహాలు కూడా ఎక్కాయి. పడమటి దేశాల ఖాతాదారులు పోయాక ఇప్పుడు రష్యా విదేశీ సరుకు ఎక్కువగా ఇదే.

అంగారా-ఎ5 భారీ రాకెట్ ప్యాడ్ కూడా వస్తోచ్నీలో ఉంది. అక్కడి నుంచి దాని ప్రయోగం 2024 ఏప్రిల్ 9న ఆక్సిడైజర్ ట్యాంకులో ఒత్తిడి సమస్యతో ఆగింది, 10న ఇంజన్ స్టార్ట్ నియంత్రణలో లోపంతో ఆగింది, 11న వెళ్లింది. చూసేవాళ్లకి టెన్షన్ కానీ, అలా ఆగడం మంచి లక్షణం. మనుషుల ప్రయోగాల్లో కూడా ఇదే. 2024 మార్చి 21న సోయూజ్ ఎంఎస్-25లో ముగ్గురు కూర్చుని ఉండగా, ఇంకా ఇరవై సెకన్లే ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజ్ పడిపోవడంతో కంప్యూటర్ ఆపేసింది. రెండు రోజుల తర్వాత క్షేమంగా వెళ్లారు.

చంద్రుడి గురించి ఒక్క మాట. 2023 ఆగస్టు 11న వస్తోచ్నీ నుంచి వెళ్లిన లూనా-25, 19న చంద్రుడిని ఢీకొంది. 84 సెకన్లు మండాల్సిన ఇంజన్ 127 సెకన్లు మండింది. నాలుగు రోజుల తర్వాత చంద్రయాన్-3 దిగింది. మనం సంబరాల్లో ఉన్నాం కానీ, లూనా కోసం ఏళ్లు పెట్టిన అక్కడి శాస్త్రవేత్తల గురించి ఆ వారమంతా బాధపడ్డాను. తర్వాతిది లూనా-26, చంద్రుడి చుట్టూ తిరిగేది, 2028కి ప్రకటించారు. 2026 జాబితాలో దాన్ని వెతకకండి.

తేదీ నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక నమ్మకమైన గుర్తు ఉంది. సోయూజ్‌ని హాంగర్‌లో పడుకోబెట్టి జోడించి, రైలు మీద ప్యాడ్‌కి తెచ్చి నిలబెడతారు. ఇది ప్రయోగానికి రెండు మూడు రోజుల ముందు జరుగుతుంది. రైలు మీద రాకెట్ ఫొటోలు వచ్చాయంటే ఇక ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకోవచ్చు. దానికి ముందు దశలు పడే చోట్ల స్థానిక అధికారుల ప్రకటనలు వస్తాయి. లూనా-25 అప్పుడు ఖబరోవ్‌స్క్ ప్రాంతంలో షఖ్తీన్‌స్కీ అనే పల్లెని ఖాళీ చేయిస్తామని ముందే చెప్పారు, తేదీ అలాగే బయటికొచ్చింది. సమయం విషయంలో రష్యా వాళ్లు మాస్కో టైమ్ ఇస్తారు, దానికి రెండున్నర గంటలు కలిపితే మన టైమ్. మాస్కోలో రాత్రి పదింటి ప్రయోగం మనకి మర్నాటి తేదీలో పడుతుంది, అమెరికా సైట్లలో అదే మధ్యాహ్నం. ఒక్కోసారి తేదీల తేడా అంతా ఇదే.

ఇక మీ ప్రాజెక్టు. మన దేశానికీ రష్యా రాకెట్లకీ పాత బంధం ఉంది. 1975లో ఆర్యభట్ట కపుస్తిన్ యార్ నుంచి, 1988లో ఐఆర్‌ఎస్-1ఎ బైకనూర్ నుంచి వెళ్లాయి. ఆ ఐఆర్‌ఎస్ చిత్రాలు దిగింది మన షాద్‌నగర్‌లోనే. మీరు చేయగలిగింది దాని చిన్న రూపం: మీటియర్-ఎం ఉపగ్రహం నుంచి నేరుగా మీ మేడ మీద చిత్రం దించుకోవడం.

దీనికి ఇప్పుడు ప్రత్యేకమైన విలువ వచ్చింది. ఇన్నేళ్లూ విద్యార్థులందరూ అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవా-15, 18, 19తో నేర్చుకునేవాళ్లు. 2025 జూన్, ఆగస్టు నెలల్లో ఆ మూడింటినీ ఆపేశారు. 137 మెగాహెర్ట్జ్ దగ్గర ఇంట్లో చేసుకున్న యాంటెన్నాతో దొరికే వాతావరణ చిత్రాలంటే ఇక రష్యా మీటియర్లే. 2019లో వెళ్లిన మీటియర్-ఎం 2-2ని అదే ఏడాది డిసెంబర్‌లో సూక్ష్మ ఉల్క తాకిందని రాస్‌కాస్మోస్ చెప్పింది, ఆ తర్వాత అది ఈ ప్రసారం ఆపేసింది. 2023 జూన్ 27న వెళ్లిన 2-3 సిగ్నల్ బలహీనం. 2024 ఫిబ్రవరి 29న వెళ్లిన 2-4 బాగుంటుంది, దానితో మొదలుపెట్టండి. రాబోయే జాబితాలో ఉన్న మీటియర్-ఎం 2-5 మీలాంటి వాళ్లకి ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కావాల్సింది కంప్యూటర్‌కి పెట్టుకునే చవక ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియో) రిసీవర్ ఒకటి, సుమారు 53 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు. కడ్డీల్ని 120 డిగ్రీల కోణంలో నేలకి సమాంతరంగా, ఆకాశం బాగా కనిపించే చోట పెట్టండి. 137.9 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేయండి. శాట్‌డంప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సిగ్నల్‌ని చిత్రంగా మారుస్తుంది. ఉపగ్రహం సుమారు 820 కిలోమీటర్ల ఎత్తున వెళ్తుంది, నెత్తి మీదుగా వెళ్లినప్పుడు పది పన్నెండు నిమిషాలు దొరుకుతుంది. మొదట నడినెత్తి మీదుగా పోయేవే ఎంచుకోండి, దిగంతం దగ్గర పోయేవి వదిలేయండి. ఎల్‌ఈడీ బల్బులూ, ఛార్జర్లూ, సెట్‌టాప్ బాక్సులూ ఈ బ్యాండ్‌లో చాలా గోల చేస్తాయి. ఊళ్లో అయితే వాటికి దూరంగా, వీలైతే పొలం గట్టు మీద ప్రయత్నించండి.

2-5 వెళ్లిన రోజే సిగ్నల్ కోసం కూర్చోకండి. ఫ్రెగాట్ దాన్ని కక్ష్యలో విడిచాక సౌర ఫలకాలు, యాంటెన్నాలు విచ్చుకోవాలి, పరికరాల్ని ఒక్కొక్కటే పరీక్షించాలి, దానికి వారాలు పడుతుంది. ఈలోపు 2-4 చిత్రాలు వరసగా దాచుకుంటూ ఉండండి. నైరుతి వచ్చే ముందు మే చివరి నుంచి జూన్ దాకా రోజూ ఒకే వేళ తీసిన చిత్రాలు ఉంటే, మేఘాలు కేరళ నుంచి రాయలసీమ మీదుగా పైకి ఎలా జరిగాయో మీ సొంత డేటాతో చూపించవచ్చు.